వేణుమాధవ్ గారి గొంతు ఇంకా మా ఇళ్లలోనే ఉంది: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉంది. అరవై నిమిషాలది. ఒక బడి వార్షికోత్సవంలో మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఇచ్చిన ప్రదర్శనని మా నాన్న స్పీకర్ డబ్బా పక్కన టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నది. మొదటి అయిదు నిమిషాలు జనరేటర్ మోతే ఎక్కువ. మధ్యలో ఎవరి పిల్లో ఏడుస్తుంది. ముప్పయ్యో నిమిషం దగ్గర ఆయన ఓ నాయకుడి గొంతులో ఏదో అందుకుంటారు, జనం గొల్లుమంటారు, అంతలో టక్కుమని ఆ పక్క అయిపోతుంది. తిప్పి పెడితే రెండో పక్క అదే నవ్వుతో మొదలవుతుంది. క్యాసెట్ తిప్పిన ఆ కాసేపట్లో ఆయన ఏమన్నారన్నది మా ఇంట్లో ఎన్నేళ్లయినా తెగని పంచాయితీ. నాన్నకి తెలుసు. కానీ చెప్పబోయిన ప్రతిసారీ తనకే ముందు నవ్వొచ్చి మాట సగంలో ఆగిపోయేది. ఇప్పుడు నాన్న కూడా లేరు.

2018 జూన్ 19న వేణుమాధవ్ గారు పోయారని తెలిసిన రోజు మా వాట్సాప్ గ్రూపులో ఎవరూ దండం బొమ్మలతో సరిపెట్టలేదు. ఒకాయన గొంతు సవరించుకుని, వేణుమాధవ్ గారు ఒక పాతకాలం నటుణ్ని ఎలా అనుకరించేవారో అలా అనుకరించి పంపాడు. అనుకరణకి అనుకరణ. ఘోరంగా ఉంది. దానికి పోటీగా ఇంకొకాయన పంపింది ఇంకా ఘోరం. రాత్రికి ముప్పై దాకా అయ్యాయి. ఏడుస్తూ నవ్వామో నవ్వుతూ ఏడ్చామో తెలీదు గానీ, ఆయనకి అంతకన్నా సరైన సంతాప సభ నేను చూడలేదు.

ఆయనకి జరగాల్సిన గౌరవాలు చాలావరకు జరిగాయి, కాదనను. 2001లో పద్మశ్రీ వచ్చింది. 1972 నుంచి 1978 దాకా శాసనమండలి సభ్యుడిగా ఉన్నారు (నాయకులందరి గొంతులూ పలికించగల మనిషి సభలో కూర్చుంటే తోటి సభ్యులు ఎంత జాగ్రత్తగా మాట్లాడి ఉంటారో అని నాకెప్పుడూ ఓ సరదా ఊహ). హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరుతో కళాప్రాంగణం ఉంది. ఆయన పుట్టిన డిసెంబర్ 28ని మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కాబట్టి ఈ లేఖలో విగ్రహం అడగబోవడం లేదు. రోడ్డుకి పేరు కూడా వద్దు. నాకు కావలసింది ఆయన గొంతు. ఆ గొంతు ఇప్పుడు కొంత రేడియోవాళ్ల దగ్గర, కొంత కాలేజీల బీరువాల్లో, చాలా భాగం మాలాంటివాళ్ల అటకల మీద ఉంది. దాన్ని ఒకచోటికి చేర్చే పని మీ శాఖ చేపట్టాలి.

ఫోన్లో వీడియో ముక్కలు దొరుకుతున్నాయి కదా అంటారేమో. ఆ ముక్కల్లో నవ్వు కోసేస్తారండీ. వేదిక మీద మిమిక్రీకి నవ్వు రెండు విడతల్లో వస్తుంది. గొంతు మారగానే ముందు 'అబ్బ, అచ్చం ఆయనే' అని ఓ గుసగుస లేస్తుంది. అది అణిగాకే అసలు చమత్కారం పడుతుంది, అప్పుడు హాలు దద్దరిల్లుతుంది. ఆ రెంటి మధ్య ఎంతసేపు ఆగాలో తెలియడమే విద్య. మా క్యాసెట్లో ఒకచోట ఆయన ఎంతసేపు ఆగుతారంటే టేపు తెగిందేమో అనుకుంటాం. నోటితోనే గుర్రాల డెక్కలు, తుపాకుల మోత, వెనకాల వాద్యాలు వినిపిస్తూ ఇంగ్లీషు సినిమా ఘట్టం మొత్తం నడిపించిన మనిషిని అర నిమిషం ముక్కలో పెడితే దొరికేది శబ్దం ఒక్కటే. ప్రదర్శన మొత్తం కావాలి, దగ్గులతో, ఈలలతో, ఏడ్చే పిల్లతో సహా.

ఇంతకన్నా తొందరపెట్టే సంగతి ఇంకొకటుంది. ఆయన అనుకరించిన మనుషుల్లో ఎంతోమంది ఆయనకన్నా ముందే పోయారు. మా అబ్బాయికి క్యాసెట్ వినిపిస్తే 'బాగుంది నాన్నా, కానీ ఇదెవరి గొంతు?' అన్నాడు. అసలు గొంతు వినని వాడికి నకలు గొప్పదనం ఎలా తెలుస్తుంది? ప్రతి రికార్డింగుకీ ఇది ఫలానా నటుడు, ఇది ఫలానా మంత్రి, ఆ ఏడాది ఫలానా గొడవ మీద విసురు అని రాసిపెట్టే వాళ్లు కావాలి. వీలైతే అసలు గొంతు కూడా పక్కన ఉంచాలి. అది రాయగలిగినవాళ్లు అప్పుడు ఆ కుర్చీల్లో కూర్చుని నవ్వినవాళ్లే. 1960ల్లో కుర్రాళ్లుగా విన్నవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటాయి. టేపులకన్నా ముందు వీళ్లు అయిపోతారు.

టేపులు కూడా ఎక్కువ కాలం ఉండేవి కావు. ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో అంటించినదే క్యాసెట్ టేపు. ఆ జిగురు తేమ పీల్చుకుంటుంది, పొర రాలుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. పోయినేడు మాది ప్లేయర్లో పెడితే రోలరుకి చుట్టుకుంది. కరెంటు ఆపి, వేళ్లతో లాగి, పెన్సిల్ దూర్చి మెల్లగా వెనక్కి చుట్టాను. అప్పట్నుంచి మళ్లీ పెట్టే ధైర్యం లేదు. ఇలాంటివాటిని తెలిసినవాళ్లు శుభ్రం చేసి, ఒకే ఒక్కసారి మంచి యంత్రం మీద నడిపించి, కుదించకుండా, చిన్న శబ్దమూ పోనంత వివరంగా, కంప్యూటర్లోకి కనీసం 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్‌లో ఎక్కించాలి. శబ్ద భాండాగారాలు పాటించే కొలత అదే. ఎంపీత్రీ చేసి అసలు క్యాసెట్ పారేయడం సంరక్షణ కాదు.

ఓసారి ఒక కార్యాలయానికి పట్టుకెళ్లాను. పేరెందుకు లెండి. అక్కడున్నాయన అటూ ఇటూ తిప్పి చూసి, 'క్యాసెట్లు తీసుకోమండీ, పెన్‌డ్రైవ్‌లో వేసి తెండి' అన్నారు. అలా వేసుకోగలిగితే ఆయన దాకా ఎందుకు వెళ్తాను? వేణుమాధవ్ గారైతే ఆ ఒక్క వాక్యంతో పావుగంట నడిపించేవారు.

హక్కుల చిక్కు ఉందని అధికారులు మీకు చెప్పవచ్చు. నిజమే, ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు, ప్రసార సంస్థ హక్కు 25 ఏళ్లు ఉంటాయి. కానీ తన దగ్గరున్న ప్రతిని కాపాడుకోవడానికి డిజిటల్‌గా నిల్వ చేసుకునే వెసులుబాటు లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయానికి అదే చట్టంలో 2012 సవరణ ఇచ్చింది. కాబట్టి ముందు భద్రపరచండి. జనానికి వినిపించే సంగతి కుటుంబ సభ్యులతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్న మేరకే చేయండి. ఏ రికార్డింగు ఎవరి దగ్గరుందో తెలిపే జాబితా మాత్రం ఇప్పుడే బయట పెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పెద్ద భవనం కూడా అవసరం లేదు. వచ్చే డిసెంబర్ 28న కళాప్రాంగణంలో దండలూ ఉపన్యాసాలూ ఎలాగూ ఉంటాయి. ఆ పక్కనే ఒక బల్ల, బాగా పనిచేసే రెండు టేప్ డెక్కులు, పని తెలిసిన ఒక టెక్నీషియన్, తెచ్చిన క్యాసెట్‌కి రసీదు రాసిచ్చే ఒక మనిషి, పెద్దవాళ్లు కూర్చుని జ్ఞాపకాలు చెప్పడానికి నాలుగు కుర్చీలు, ఒక మైకు ఏర్పాటు చేయించండి. రెండు వారాల ముందు పేపర్లో వేయించండి చాలు.

మా క్యాసెట్ నేనే పట్టుకొస్తాను. పెన్సిల్ కూడా.

ఇట్లు,
హన్మకొండ నుంచి ఒక శ్రోత