పికింగ్ కోర్సులో తప్పు గుర్తులు, కనిపించని కుడిచెయ్యి: ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: ఆల్టర్నేట్, హైబ్రిడ్ పికింగ్ కోర్సును సరిచేయడం లేదా డబ్బు వాపసు ఇవ్వడం గురించి

అయ్యా,

మీ ఎలక్ట్రిక్ గిటార్ పికింగ్ కోర్సుకు 4,999 రూపాయలు కట్టాను. కుడిచెయ్యి చేసే పనిని ప్రతి స్ట్రోక్‌తో సహా చూపిస్తామని మీ ప్రకటనలో ఉంది. ఆ మాట చూసే కొన్నాను. ఎడమచేతి పాఠాలు ఎక్కడైనా దొరుకుతాయి. తీగలు మీటే చిన్న బిళ్ల, అదే పిక్, ఒక తీగ నుంచి ఇంకో తీగకు ఎలా దాటుతుందో దగ్గరగా చూపించేవాళ్లే తక్కువ.

ముందుగా ఆల్టర్నేట్ పికింగ్ ట్యాబ్ సంగతి, అంటే ఏ తీగను ఎక్కడ నొక్కాలో గీతల మీద చూపే రాత. తీగకు మూడు స్వరాల చొప్పున పైకి వెళ్లే స్కేలులో ఆరో తీగ మీద డౌన్, అప్, డౌన్ అని వేశారు. అక్కడిదాకా బాగుంది. ఐదో తీగ అప్‌తో మొదలవ్వాలి, ఎందుకంటే ఒకటి కిందికి, ఒకటి పైకి అని తప్పకుండా మారుతూ ఉంటేనే అది ఆల్టర్నేట్ పికింగ్. మీ ట్యాబ్‌లో మళ్లీ డౌన్ గుర్తే ఉంది, ఆ తర్వాత ప్రతి తీగా అలాగే మొదలవుతుంది. దాన్ని ఎకానమీ పికింగ్ అంటారు. అదీ మంచి పద్ధతే, కానీ మీరు అమ్మింది అది కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ గుర్తులు నమ్మి రోజూ సాధన చేస్తే చేతికి ఆ అలవాటే పడుతుంది. తర్వాత మానుకోవడం ఎంత కష్టమో గిటార్ పట్టుకున్న ఎవరికైనా తెలుసు.

పోనీ వీడియో చూసి సరిదిద్దుకుందామంటే, అందులో బొమ్మ కంటే శబ్దం వెనకబడి వస్తోంది. 120 బీపీఎంలో, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీటుకు నాలుగు స్వరాలంటే సెకనుకు ఎనిమిది. శబ్దం సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యమైనా చాలు, డౌన్‌లో కొట్టిన స్వరం అప్ దగ్గర వినిపిస్తుంది. మీ సిబ్బందికి రాస్తే 'వేగం తగ్గించి చూడండి' అన్నారు. వేగం తగ్గిస్తే ఆ తేడా కూడా దాంతోపాటే సాగుతుంది కదా!

హైబ్రిడ్ పికింగ్ పాఠం చూస్తే ఇంకా బాధేసింది. బొటనవేలు, చూపుడువేలు పిక్ పట్టుకుంటే, మధ్యవేలు, ఉంగరపు వేలు సన్నటి తీగల్ని లాగాలి. ఆల్బర్ట్ లీ లాంటి కంట్రీ గిటారిస్టుల వాయిద్యంలో ఆ టక్కున తెగే శబ్దం వేళ్ల నుంచే వస్తుంది. మీ కెమెరా పాఠమంతా ఎడమచెయ్యి నొక్కే ఫ్రెట్‌బోర్డు మీదే ఉంది. కుడిచెయ్యి ఫ్రేములోకి వచ్చే కొన్ని క్షణాల్లోనూ సరిగ్గా తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర మీ లోగో అడ్డం. నాలుగో తీగ పిక్‌తో, మూడోది మధ్యవేలితో, రెండోది ఉంగరపు వేలితో అని ట్యాబ్‌లోనైనా రాశారా అంటే అదీ లేదు. వంట నేర్పుతామని పిలిచి వడ్డించిన విస్తరి చూపించినట్టుంది.

మీ మాస్టారి వాయిద్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన చెయ్యి చూడాలనే నా ఆరాటమంతా.

కాబట్టి ట్యాబ్‌లలో స్ట్రోక్ గుర్తులు సరిచేసి, వేళ్ల గుర్తులు చేర్చి, శబ్దం కుదిరిన వీడియోలు పెట్టండి. హైబ్రిడ్ పాఠాన్ని కుడిచెయ్యి కనిపించేలా మళ్లీ తీయండి. 15 రోజుల్లో ఇవి ఎప్పటికి చేస్తారో రాతపూర్వకంగా తెలపండి, లేదా పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. రెండూ జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. రసీదు, తప్పున్న ట్యాబ్ పేజీల స్క్రీన్‌షాట్లు జతచేశాను.

ఇట్లు,
మీ కోర్సు విద్యార్థి,
విశాఖపట్నం