మా పక్కింటి స్కౌట్ మళ్ళీ పలికింది: చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

మా పక్కింటి పెద్దావిడ గరాజ్‌లో ఏళ్ళ తరబడి నిలబడిపోయిన 1929 ఇండియన్ స్కౌట్ మోటార్‌సైకిల్ పోయిన శనివారం స్టార్ట్ అయింది. దీని వెనక ఉన్న ప్రతి ఒక్కరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. కానీ పేర్లు రాయొద్దని చాలామంది కోరారు కాబట్టి, చేసిన పనిని బట్టే మిమ్మల్ని తలుచుకుంటాను. అమెరికన్ మిత్రులకు ఇంగ్లీషులో విడిగా ఉత్తరాలు రాశాను. తెలుగులో రాస్తున్నది సాయం చేసినవాళ్ళలో మనవాళ్ళు కూడా ఉన్నారని, ఇంకా "ఏమిటా బండి, ఎందుకంత హడావిడి" అని ఇక్కడి మన స్నేహితులు చాలామంది అడుగుతున్నారని.

మేముండేది మసాచుసెట్స్‌లో, స్ప్రింగ్‌ఫీల్డ్‌కి దగ్గర్లో. ఇండియన్ అనే అమెరికన్ కంపెనీ మోటార్‌సైకిళ్ళ పుట్టిల్లు ఆ ఊరే. జార్జ్ హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అనే ఇద్దరు సైకిల్ రేసుల పరిచయంతో కలిసి 1901లో మొదలుపెట్టారు. 1911లో బ్రిటన్ దగ్గరున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి రేసులో మొదటి మూడు స్థానాలూ ఈ బండ్లవే. ఒకప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మోటార్‌సైకిళ్ళు తయారుచేసిన కంపెనీ అది. 1953లో ఫ్యాక్టరీ మూతపడింది. స్టేట్ స్ట్రీట్ మీద ఉన్న ఆ పెద్ద కట్టడంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

పెద్దావిడ భర్త హోలియోక్‌లో కాగితం మిల్లులో పనిచేశారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత స్కౌట్లను పట్టించుకునే దిక్కు లేని రోజుల్లో, ఎవరి కొట్టంలోనో పడి ఉన్నదాన్ని ఆయన చవగ్గా కొన్నారు. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం నడిపారు. ఆయన పోయిన తర్వాత ఒక వ్యాపారి వచ్చి చూసి, ఇంజన్ వేరుగా, ఫ్రేమ్ వేరుగా, ట్యాంకులు వేరుగా అమ్మితేనే ఎక్కువ డబ్బులొస్తాయని చెప్పి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ మా ఇంటికొచ్చారు. బండిని ముక్కలు చేయకుండా ఉంచే దారి ఏదైనా ఉందేమో కనుక్కుంటావా అని అడిగారు. వీలైతే దాని చప్పుడు ఒక్కసారి వినాలని ఉందన్నారు. నేను ఫార్మసిస్టుని, మోటార్‌సైకిళ్ళ గురించి నాకేమీ తెలియదు. తెలిసినవాళ్ళ కోసం వెతుక్కుంటూ బయల్దేరాను.

ఇక్కడ ఆంటిక్ మోటార్‌సైకిల్ క్లబ్ ఆఫ్ అమెరికా అని ఒక సంఘం ఉంది. 1954లో, అంటే ఇండియన్ ఫ్యాక్టరీ ఆగిపోయిన మరుసటి ఏడు మొదలైంది. ముప్పై అయిదేళ్ళు దాటిన బండ్లను పాతవిగా లెక్కేస్తారు. ఆ సంఘంలో ఉన్న ఒక పెద్దాయనకు ఫోన్ చేసి, బండి సంగతి మొదలుపెట్టి, యజమాని పేరు చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "వచ్చే ఆదివారం వస్తాను, ఈలోగా ఎవరినీ దాని మీద చేయి వేయనివ్వొద్దు" అన్నారు. వచ్చారు. ఆయనతో పాటు మరో ఇద్దరు కూడా వచ్చారు. వీళ్ళ ముగ్గురికీ నా మొదటి నమస్కారం.

టార్ప్ తీయగానే వాళ్ళు ముందు ఫ్రేమ్ పొడుగు, ముందు చక్రానికున్న బ్రేకు, కన్నీటిబొట్టు ఆకారంలో ఉన్న జంట ట్యాంకులు చూశారు. ఇది 101 స్కౌట్ అని తేల్చారు. 1928 నుంచి 1931 దాకా మాత్రమే తయారైన మోడల్. దీన్ని డిజైన్ చేసిన చార్ల్స్ ఫ్రాంక్లిన్ ఐర్లండ్ నుంచి వచ్చిన ఇంజనీరు. వి ఆకారంలో రెండు సిలిండర్లు, 750 సీసీ ఇంజన్. యాక్సిలరేటర్ ఎడమ చేతికి, గేరు కర్ర కుడి చేతికి, క్లచ్ కాలికి. మనవాళ్ళెవరైనా ఎక్కితే ముందు చేతులూ కాళ్ళూ తడబడటం ఖాయం. ఇంజన్ ఆయిల్ కూడా తిరిగి ట్యాంకులోకి రాదు. పంపు కొద్దికొద్దిగా అందిస్తుంది, ఇంజన్ వాడుకుని బయటికి వదిలేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నడిపేవాళ్ళే చేతి పంపు ఒకసారి నొక్కి అదనంగా ఆయిల్ ఇవ్వాలి. ఎప్పుడు నొక్కాలో మీటర్ ఏదీ చెప్పదు, చెవికి తెలియాలి.

ఇంత మంచి బండిని కంపెనీ ఎందుకు ఆపేసిందని అడిగాను. దీని తయారీకయ్యే ఖర్చు దాదాపు అదే కంపెనీ పెద్ద బండి చీఫ్‌కి అయ్యేంత ఉండేదట. ఆర్థిక మాంద్యం రోజుల్లో అది గిట్టుబాటు కాలేదు. 1932లో చీఫ్ ఫ్రేమ్‌లోనే స్కౌట్ ఇంజన్ పెట్టి బరువైన బండి ఒకటి తెచ్చారు. 101 నడిపినవాళ్ళకి అది నచ్చలేదు. వచ్చిన ముగ్గురిలో ఒకాయన ఈ మాట చెబుతున్నప్పుడు ఆ బాధ నిన్న మొన్న తనకే జరిగినట్టు మాట్లాడారు. ఆయన పుట్టింది ఆ తర్వాతే!

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో మౌత్ కా కువా చూసినవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. చెక్కలతో కట్టిన నిటారు గోడల మీద గుండ్రంగా బండి నడిపే ఆ ఆటలో, అమెరికాలోనూ యూరప్‌లోనూ ఎక్కువమంది నమ్ముకున్నది ఈ 101 స్కౌట్‌నే. దాదాపు వందేళ్ళ వయసున్న బండ్ల మీద ఇప్పటికీ ఆ ఆట ఆడేవాళ్ళు ఉన్నారు. బరువు కిందికి ఉంటుంది, ఫ్రేమ్ గట్టిది, యాక్సిలరేటర్ ఎక్కడ తిప్పి వదిలితే అక్కడే ఉంటుంది. అందుకే గోడ మీద రెండు చేతులూ వదిలేసినా బండి తన దారి తప్పదు. కుర్రతనంలో ఆ గోడ ఎక్కిన ఒక పెద్దాయన, మన బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల్లో ఎంత వదులు ఉందో కళ్ళు మూసుకుని చేత్తో పట్టి చెప్పారు. తర్వాత కొలిచి చూస్తే ఆయన చెప్పింది సరిగ్గా సరిపోయింది. అయ్యా, మీరు ఆ వయసులో అంత దూరం డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

అన్నిటికంటే కష్టమైంది మాగ్నెటో. బ్యాటరీ లేకుండానే ప్లగ్‌కి నిప్పురవ్వ పుట్టించే భాగం అది. లోపల సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఆ తీగ మీద పూసిన పాతకాలపు లక్క వేడికీ తేమకీ కరిగి, చుట్లు ఒకదానికొకటి తగిలిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు రవ్వ వస్తుంది, వేడెక్కితే రాదు. మన బండిదీ అదే జబ్బు. తెనాలిలో ఒకప్పుడు పొలాల కిరసనాయిలు ఇంజన్లు బాగుచేసిన మా బాబాయి వీడియోలో చూసి, "ముందు పాయింట్లు చూడండమ్మా, తర్వాత కండెన్సర్ చూడండి, అప్పటికీ రాకపోతే చుట్టు పోయినట్టే" అన్నారు. చివరికి ఆ మూడో మాటే నిజమైంది. కనెటికట్‌లో ఉండే ఒకాయన మాగ్నెటోని ఇంటికి తీసుకెళ్ళి, తీగ మొత్తం కొత్తగా చుట్టి, బలం తగ్గిన అయస్కాంతాన్ని మళ్ళీ ఛార్జ్ చేసి తెచ్చారు. బాబాయి, మీ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు గానీ, ఆయన మీ ఫోటో చూసి "ఈయన చెప్పింది కరెక్ట్" అని నాతో మూడుసార్లు అన్నారు.

మిషిగన్‌లో కార్ల కంపెనీలో పనిచేసే మన గుంటూరు తమ్ముడు గేరు కర్ర కింద, అది తిరిగే చోట లోహపు తొడుగులా ఉండే, అరిగిపోయిన బుష్‌ని వెర్నియర్‌తో కొలిచి, కంప్యూటర్‌లో గీసి, తనకు తెలిసిన లేత్ షాపులో గన్‌మెటల్‌తో చేయించి పంపాడు. రెండు చేయించాడు, ఒకటి ఎప్పటికైనా ఉంటుందని. పెన్సిల్వేనియాలో దొరికిన ఎగ్జాస్ట్ పైపు, కొరియర్‌లో వంగిపోతుందన్న భయంతో న్యూజెర్సీ అన్నయ్య తన కారులో వేసుకుని తెచ్చారు. వదిన గారు ఆ రోజు పులిహోర కూడా పంపారు. గరాజ్‌లో అందరూ తిన్నారు. గోడ మీద బండి నడిపిన పెద్దాయన మళ్ళీ పెట్టించుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. డబ్బు ఎంత ఇవ్వాలని అడిగితే ఒక్కరూ తీసుకోలేదు. మొహమాటమనుకున్నాను. కాదు. మాగ్నెటో చుట్టినాయన, తనకు పెళ్ళైన కొత్తలో చేతిలో డబ్బులేనప్పుడు పెద్దావిడ భర్త గేర్‌బాక్స్ భాగాలు ఊరికే ఇచ్చారని చెప్పారు. వెర్మాంట్ నుంచి వచ్చిన ఇంకొకాయన జేబులోంచి గుడ్డలో చుట్టిన షెబ్లర్ కార్బురేటర్ తీసి బెంచీ మీద పెట్టారు. అది కూడా ఆయనిచ్చిందేనట. "నా బండికి తర్వాత వేరేది దొరికింది. ఇది ఆయనకి తిరిగి ఇవ్వాలని అనుకుంటూనే ఉన్నాను" అన్నారు. ఇలా ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. పాత బండ్ల వాళ్ళు కలుసుకునే మీట్‌లలో ఆయన ఓ మూల కుర్చీలో కూర్చునేవారని, ఎవరికేం కావాలో విని, మరుసటి ఏడు వచ్చేటప్పుడు అది తెచ్చేవారని, చీటీ రాసుకోవడం ఎవరూ చూడలేదని. పెద్దావిడకు వీటిలో సగం తెలియదు. ఇంట్లోంచి సామాను ఎటు పోతోందో తెలియక అప్పట్లో కోప్పడేదాన్నని చెప్పి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. మీరంతా నాకు చేసిన సాయం నిజానికి ఆయనకు చేసింది. అయినా నా గుమ్మంలోకి వచ్చింది కాబట్టి నా కృతజ్ఞత కూడా తీసుకోండి.

పని మధ్యలో మీరు చెప్పిన కబుర్లకి విడిగా థాంక్స్ చెప్పాలి. లాస్ ఏంజెలస్‌లో ఆల్బర్ట్ క్రాకర్ 1936 నుంచి కొద్ది సంవత్సరాలు చేసిన బండ్ల గురించి విన్నాను. షోరూమ్ నుంచి వచ్చిన హార్లీ గానీ ఇండియన్ గానీ తన బండిని ఓడిస్తే డబ్బు వాపసు ఇస్తానని ఆయన మాటిచ్చారట. వి ఆకారంలో రెండు సిలిండర్లుండే బండ్లు మొత్తం కలిపి వంద కూడా చేసి ఉండరు. ఇప్పుడు ఒకటి వేలానికొస్తే లక్షల డాలర్లు పలుకుతోంది. 1916 నాటి ట్రాబ్ అనే బండి కథ నన్ను ఇంకా వదల్లేదు. 1960ల చివర్లో షికాగో దగ్గర ఒక భవనంలో ఇటుక గోడ పగలగొడితే వెనకాల ఆ బండి బయటపడిందట. అలాంటిది మరొకటి ఎక్కడా దొరకలేదు. ఇప్పుడది నార్త్ కరొలైనాలో, మ్యాగీ వ్యాలీలోని వీల్స్ త్రూ టైమ్ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం పెట్టిన డేల్ వాక్స్‌లర్ 2021లో పోయారు. పాత బండ్లను అద్దాల వెనక పెట్టడం కాదు, నడవాలని పట్టుబట్టిన మనిషి అని అందరూ ఒకే గొంతుతో చెప్పారు.

బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ గురించి చెప్పిన అక్క గారికి మరీ మరీ థాంక్స్. నల్లజాతి మహిళ, అదీ 1930లలో, నాణెం మ్యాప్ మీద వేసి అది ఎక్కడ పడితే ఆ ఊరికి ఒంటరిగా వెళ్ళేవారట. హోటళ్ళలో గది ఇవ్వకపోతే పెట్రోల్ బంకుల దగ్గర బండి మీదే పడుకునేవారట. ఆవిడ మొదటి బండి 1928 ఇండియన్ స్కౌట్. తర్వాత ఎన్నో హార్లీలు మారినా మొదలైంది మాత్రం దీనితోనే. ఇది విన్నప్పటి నుంచి మా అమ్మాయి రోజూ బడి నుంచి రాగానే నేరుగా గరాజ్‌కే వెళ్తోంది.

ఈ కబుర్లు మీ దగ్గరే ఆగిపోతాయేమోనని నా భయం. అయోవాలోని అనమోసాలో ఉన్న నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం 2023లో మూసేశారు, బండ్లు వేలంలో తలో చోటికీ వెళ్ళిపోయాయి. బండి కొన్నవాళ్ళకి బండి వస్తుంది. దాన్ని ఎవరు ఎందుకు దాచుకున్నారన్నది వెంట రాదు. ఆ విషయంలో మా ఊరు అదృష్టం చేసుకుంది. చార్ల్స్, ఎస్తా మాంథోస్ దంపతులు ఇండియన్ బండ్లనూ కాగితాలనూ ఏళ్ళ తరబడి సేకరించి కాపాడారు. ఎస్తా మాంథోస్ పేరు మీద ఆ సేకరణ ఇప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్ చరిత్ర మ్యూజియంలో ఉంది. పెద్దావిడతో వెళ్ళి చూశాను. "ఈ ట్యాంకు రంగూ మనదాని రంగూ ఒకటేనా అని మా వారు అడిగేవారు" అంటూ ఆవిడ అక్కడ చాలాసేపు నిలబడ్డారు.

శనివారం నాడు మూడో కిక్‌కే అందుకుంది. ముందు తెల్లటి పొగ, తర్వాత ఒక దగ్గు, తర్వాత నిదానంగా, లెక్కగా చప్పుడు. పెద్దావిడ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "ఇంకొంచెం ఆయిల్ అడుగుతోంది" అన్నారు. పంపు దగ్గరున్నాయన ఒక్కసారి నొక్కారు. శబ్దం మెత్తబడింది. ఆవిడ ఎన్నడూ బండి నడపలేదు.

స్కౌట్‌ని అమ్మడం లేదు. పెద్దావిడ మనవరాలు నడపడం నేర్చుకుంటానంది. గేర్లు నేర్పడానికి ముగ్గురు పెద్దవాళ్ళు ఆదివారాలు పంచుకున్నారు. వాళ్ళ మధ్య ఇప్పటికే చిన్న పోటీ నడుస్తోంది. మిగిలిన బుష్, వెర్మాంట్ కార్బురేటర్ రెండూ పెద్దావిడ భర్త బెంచీ మీదే ఉన్నాయి. 101 నడిపేవాళ్ళెవరికైనా అవసరమైతే అడగండి, ఇచ్చేయమని పెద్దావిడ చెప్పారు.

ఇంకొక్క కోరిక. న్యూ ఇంగ్లండ్ వైపు పాత బండ్ల మీట్‌లలో కాగితం మిల్లులో పనిచేసే, కుర్చీలో కూర్చుని అందరి మాటలూ వినే ఒక స్కౌట్ పెద్దాయనతో మీరో, మీకు తెలిసినవాళ్ళో ఎప్పుడైనా మాట్లాడి ఉంటే నాకు రాయండి. చిన్న సంగతైనా పరవాలేదు. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా నేను ఆవిడకు చదివి వినిపిస్తాను.