పెడల్‌బోర్డు పలికింది రా

హనుమకొండ

దోస్తూ,

ఆర్గాన్ కింద కాళ్లతో వాయించే పెడల్‌బోర్డును కంప్యూటర్‌కు కలిపితే పలికింది రా! మీ చర్చిలో మూలన పడ్డ ఆర్గాన్‌కు కూడా ఇట్లనే చేయొచ్చా అని మొన్న అడిగావు కదా. ఫోన్‌లో చెబితే సగమే ఎక్కుతుందని ఉత్తరం రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మాది సికింద్రాబాద్‌లో ఒకాయన పాత సామాన్లకు వేయబోతుంటే అడిగి తెచ్చుకున్న ఎలక్ట్రానిక్ ఆర్గాన్ కింది భాగం. కాజీపేటలో రైలు నుంచి దించుతుంటే హమాలీ "నిచ్చెనా సార్ ఇది?" అన్నాడు. మొత్తం 30 పెడల్స్, సి స్వరం నుంచి ఎఫ్ దాకా. అమెరికా కొలత ప్రకారం చేసినవైతే జి దాకా 32 ఉంటాయి. మీది ముందు లెక్కపెట్టు, చిన్న ఇంటి ఆర్గాన్లకు చాలావరకు 13 మాత్రమే ఉంటాయి.

కట్టె గట్టిది, స్ప్రింగులు బాగున్నాయి. చెడిపోయింది కాంటాక్టులే, అంటే తొక్కినప్పుడు ఒకదానికొకటి తగిలే తీగలు. నల్లబడ్డ ఆ తీగల్ని గీకి మళ్లీ వాడుకోవచ్చని అందరూ అంటారు. నువ్వు మాత్రం ఆ పని చేయకు. ఏ పెడల్ తొక్కామో కనిపెట్టే చిన్న చిప్ (మైక్రోకంట్రోలర్) లోపలి పుల్‌అప్ రెసిస్టర్ గుండా పోయే కరెంటు మిల్లీఆంపియర్‌లో పావు వంతుకు మించదు. తుప్పు పొరను దాటే బలం దానికి లేదు. ఇవాళ పలికిన స్వరం రేపు ప్రార్థన మధ్యలో పలకదు. అన్నీ పీకేసి, అయస్కాంతం దగ్గరికి వస్తే మూసుకునే రీడ్ స్విచ్‌లు పెట్టు. గాజు గొట్టంలో మూసి ఉంటాయి కాబట్టి దుమ్మూ చెమ్మా వాటి జోలికి పోవు.

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. ప్రతి పెడల్ చివర కింద ఒక చిన్న బటన్ అయస్కాంతం, దాని ఎదురుగా కట్టె బద్ద మీద రీడ్. అయస్కాంతం రీడ్‌కు నేరుగా దగ్గరికి రావాలి. దాని పొడుగు వెంట జారితే ఒక్క తొక్కుకే రెండుసార్లు మూసుకోవచ్చు. రీడ్ కాలు వంచేటప్పుడు గాజుకూ వంపుకూ మధ్య సన్నమూతి పట్కారుతో గట్టిగా పట్టుకో, లేకపోతే గాజు చిట్లుతుంది. నేను బద్దకు రంధ్రాలు కాకుండా పొడుగు గాడులు పెట్టించా. అందువల్ల ప్రతి రీడ్‌ను కాస్త ముందుకీ వెనక్కీ జరిపి, అన్ని పెడల్స్ ఒకే లోతులో పలికేలా సరిచేయగలిగా. వాయించేవాళ్ల కాలికి తేడా తెలిసేది ఆ లోతులోనే, ప్రోగ్రాంలో కాదు.

వైరింగ్ తేలిక. 8 వరసలు, 4 నిలువులు. అంటే 12 పిన్నులతో 32 స్విచ్‌లు చదవొచ్చు. ప్రతి స్విచ్‌కు కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4148 డయోడ్ ఒకటి తప్పకుండా వేయి. రెండు కాళ్లే కదా అనుకోకు, మడమా వేళ్లూ కలిస్తే ఒకేసారి మూడు నాలుగు పెడల్స్ దిగుతాయి. ఈ వరసలూ నిలువుల అల్లికలో (మ్యాట్రిక్స్‌లో) మూడు మూలలు మూసుకుంటే, డయోడ్ లేనప్పుడు, ఎవరూ తొక్కని నాలుగోది కూడా మోగుతుంది.

బోర్డు ఆర్డునో ప్రో మైక్రో తీసుకున్నా. దానిలోని ఏటీమెగా32యూ4 చిప్ యూఎస్‌బీలో నేరుగా మిడి పరికరంగా కనబడుతుంది. మిడి అంటే ఏ స్వరం నొక్కామో వాయిద్యం కంప్యూటర్‌కు చెప్పే భాష. పాత ఊనో ఆర్3 బోర్డు కొనకు, దాని ప్రధాన చిప్‌కు ఆ యూఎస్‌బీ వసతి లేదు. మిడిలో కింది సి నంబరు 36, పై ఎఫ్ 65. తొక్కితే నోట్ ఆన్, వదిలితే నోట్ ఆఫ్. ఆర్గాన్‌లో తొక్కిన బలంతో శబ్దం మారదు కాబట్టి వెలాసిటీ ఎప్పుడూ 100 పంపిస్తే చాలు. మూసుకునేటప్పుడు స్విచ్ అదురుతుంది, అందుకని ఒక మార్పు చూశాక 5 మిల్లీసెకన్లు దాన్ని పట్టించుకోవద్దని రాశా. 1983 నాటి పాత మిడి తీగలోనైనా ఒక మెసేజ్ మిల్లీసెకను లోపే పోతుంది. ఆలస్యం అనిపిస్తే తప్పు కంప్యూటర్ సౌండ్ సెట్టింగులదే అనుకో.

శబ్దానికి కంప్యూటర్‌లో గ్రాండ్‌ఆర్గ్ అనే ఆర్గాన్ ప్రోగ్రాం పెట్టా, ఉచితంగానే దొరుకుతుంది. 16 అడుగుల స్టాప్‌లో (స్టాప్ అంటే ఆర్గాన్‌లో ఒక రకం గొట్టాల వరస) కింది సి అంటే సెకనుకు 33 కంపనాలు. ఇంట్లో స్పీకర్లకు అది అసలు అందదు. వినాయక నవరాత్రులకు బేస్ బాక్సులు కిరాయికిచ్చే కుర్రాణ్ని అడిగి ఒకటి తెచ్చా. అమ్మ వంటింట్లో గిన్నెలు పట్టుకుంది!

ఇక్కడి చర్చిలో వాయించే పెద్దాయన వచ్చి చూశారు. బూట్లు విప్పకుండా కూర్చుని, కిందికి చూడకుండానే మెల్లగా స్కేలు వాయించారు. ఇన్నేళ్లూ కీబోర్డు మీద ఎడమ చేత్తోనే నెట్టుకొచ్చిన బేస్ ఆయన కాళ్లకు మళ్లీ దొరికింది. ఎఫ్ షార్ప్ దగ్గర ఆగి "ఇది కొంచెం లేటుగా పలుకుతోంది నాయనా" అన్నారు. నిజమే, ఆ రీడ్ కాస్త వెనక్కి ఉంది. అప్పుడే స్క్రూ వదులు చేసి ముందుకు జరిపితే తల ఊపారు. ఆ చెవికి దండం పెట్టాలి రా.

వచ్చే ఆదివారం నువ్వు వస్తానన్నావుగా. కోఠి గుజరాతీ గల్లీలో డయోడ్లు, రీడ్ స్విచ్‌లు మీ చర్చికి సరిపడా, పైన కొన్ని ఎక్కువగా కొనుక్కురా. మీ పెడల్స్ కింద ఫోటోలు తీసి తీసుకురా, స్ప్రింగు ఎటువైపు ఉందో కనబడాలి. బద్ద ఇక్కడి వడ్లాయనతోనే చేయిద్దాం, ఆయనకు ఇప్పుడు కొలతలన్నీ తెలుసు.

నీ దోస్తు