క్లచ్ మార్చాక నూనె కారితే వెంటనే గేర్‌బాక్స్ దించకండి

సంపాదకులకు నమస్కారం.

కారుకు కొత్త క్లచ్ సెట్ వేయించిన వారానికో పది రోజులకో కింద నూనె మరక కనబడుతుంది. లేదంటే గేరు వేసి కదలగానే ‘ధడ్’మని చప్పుడొస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే చాలాసార్లు వినబడే మాట ‘మళ్లీ దించాలి’ అని. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కారును బాడుగకు తిప్పుకుని బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే వాళ్లకు ఆ రెండు రోజుల సంపాదన పోయినట్టే, దానిపైన రెండో కూలీ. నిజానికి ముందు చక్రాలు లాగే కార్లలో గేర్‌బాక్స్ దించక తప్పని లీకులు ముఖ్యంగా మూడే. మిగతావాటిలో చాలావాటికి దాన్ని కదపనక్కర్లేదు. అందుకే దించే ముందు కారేది ఏమిటో, ఎక్కడి నుంచో తేల్చాలి.

రాత్రి బండిని సమంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్, గేర్‌బాక్స్‌ల కింద తెల్ల అట్ట పరచండి. ఎడమ చక్రం ఎటో, కుడి చక్రం ఎటో అట్ట మీదే పెన్నుతో రాయండి. పొద్దున్న ఆ చుక్కలే సగం సంగతి చెబుతాయి. ఇంజిన్ ఆయిల్ గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది, డీజిల్ బండిలోనైతే కాటుకే. గేర్ ఆయిల్‌కు ఘాటైన గంధకం వాసన ఉంటుంది, ఒకసారి ముక్కుకు తగిలితే మరచిపోరు. హైడ్రాలిక్ క్లచ్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) ఉన్న బండ్లలో క్లచ్ నుంచి కారేది బ్రేక్ ఆయిలే. అది పలచగా ఉంటుంది, నీళ్లతో కడిగితే పోతుంది, పెయింటు మీద పడితే ఊడదీస్తుంది. కేబుల్ క్లచ్ ఉన్న బండికి ఈ మూడో అనుమానమే లేదు. రంగు, జిడ్డు, వాసన ఏవీ లేకపోతే అది ఏసీ నీరు. మన తీరప్రాంతపు ఉక్కలో ఏసీ నుంచి నీరు బాగానే కారుతుంది, దాన్ని చూసి భయపడేవాళ్లూ ఉన్నారు.

ఇక ఎక్కడి నుంచి అన్నది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే అతుకు అడుగున ఇంజిన్ ఆయిల్ కనబడితే, ఫ్లైవీల్ (క్లచ్ బిగించే బరువైన చక్రం) వెనకుండే క్రాంక్ షాఫ్ట్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా షాఫ్ట్‌ను చుట్టి ఉండే రబ్బరు రింగు) పోయిందని అనుకుంటారు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పైన వాల్వ్ కవర్ ప్యాకింగ్ నుంచి కారిన ఆయిల్ కూడా ఇంజిన్ వెనక గోడ పట్టుకుని దిగి, సరిగ్గా ఆ అతుకు దగ్గరే చుక్కగా పడుతుంది. ఆ చోటంతా డీగ్రీజర్‌తో కడిగి, ఆరనిచ్చి, టాల్కమ్ పౌడరు చల్లండి. ఇంజిన్ ఇరవై నిమిషాలు నడిపి ఆపాక టార్చి వేసి చూడండి. పౌడరు తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నదే అసలు లీకు. ఆ అతుకు దగ్గర గేర్ ఆయిల్ వస్తుంటే ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) సీల్. బ్రేక్ ఆయిల్ వస్తూ పెడల్ మెత్తబడి, గేరు పడేటప్పుడు గరగరమంటుంటే బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేర్‌బాక్స్ డొప్ప) లోపలి స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసేది. దించక తప్పని మూడు లీకులు ఇవే. చాలా బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఆయిల్ డబ్బా ఒకటే. అందులో మట్టం తగ్గుతుంటే బండి నడపొద్దు.

డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) గేర్‌బాక్స్‌లోకి దూరే చోట తడి ఉంటే యాక్సిల్ సీల్. షాఫ్ట్ ఊడదీస్తే చాలు, సీల్ మార్చొచ్చు. డ్రెయిన్ ప్లగ్ దగ్గరైతే కొత్త వాషర్ వేస్తే సరి. ఆయిల్ ఎక్కువ పోసినా బ్రీదర్ (గేర్‌బాక్స్‌కు గాలి ఆడే రంధ్రం) నుంచి కారుతుంది. చాలా బండ్లలో లెవెల్ ప్లగ్ రంధ్రం అంచు దాకా పోస్తే చాలు. కొలత ఏ బండికి ఆ బండిదే, చిన్న కార్లలో సుమారు 2 లీటర్లు.

క్లచ్ పని చేసిన వెంటనే సీళ్లు ఎందుకు పోతాయంటే, డ్రైవ్ షాఫ్ట్‌ను వంకరగా లాగినప్పుడు గానీ పొడిగా దూర్చినప్పుడు గానీ దాని పళ్లు సీల్ పెదవిని గీస్తాయి. కొత్త సీల్‌ను ఒక పక్క సుత్తితో కొడితే వంకరగా కూర్చుంటుంది, లోపలి సన్న స్ప్రింగు ఊడిపోతుంది. గేర్‌బాక్స్ బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనిస్తే సీలే కాదు, క్లచ్ ప్లేట్ మధ్యభాగం కూడా వంగుతుంది. సీల్ పెదవికి ఆయిల్ రాసి, సరిపడే సాకెట్‌తో చుట్టూ సమంగా దించాలి.

బోల్టుల సంగతికొస్తే, కదిలేటప్పుడు, రివర్సులో ‘ధడ్’మంటే ముందు చూడాల్సింది ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టులు. సాలూరు ఘాట్ లాంటి ఎత్తు రోడ్డెక్కితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు గీరుకున్నట్టు చప్పుడైతే స్టార్టర్ బోల్టులు. స్టార్టర్ ఈడుస్తుంటే ఎర్త్ వైరు వదులు. స్టీరింగ్ తిప్పినప్పుడు టక్‌మంటే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్, డ్రైవ్ షాఫ్ట్ నట్టు. ఈ రెండూ ప్రాణం మీదకొచ్చేవి, తేలే దాకా బండి తీయకూడదు. క్లచ్ వదిలేటప్పుడు బండంతా వణికితే, మౌంటింగ్‌లు బాగున్నాయని తేల్చుకున్నాకే క్లచ్ ప్లేట్‌ను నొక్కి పట్టే ప్రెజర్ ప్లేట్ మీద అనుమానపడాలి. దాని బోల్టులను ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్తే ప్లేట్ వంగుతుంది. ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. 8 మి.మీ. బోల్టులైతే చాలా కార్లలో బిగింపు (టార్క్) 20-25 న్యూటన్ మీటర్లు, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లో ఉంటుంది.

బెల్ హౌసింగ్ బోల్టులు చాలా బండ్లలో ఒకే పొడవు ఉండవు. పొడవుది పొట్టి రంధ్రంలో పెడితే అడుగు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగుసుకున్నట్టే ఉంటుంది గానీ గేర్‌బాక్స్‌ను పట్టదు. ఊడదీసినప్పుడే అట్ట మీద హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టును ఆ చోట గుచ్చుకుంటే ఈ తప్పు జరగదు. ఇంజిన్, గేర్‌బాక్స్‌లను సరిగ్గా ఎదురెదురుగా కూర్చోబెట్టే రెండు డోవెల్ పిన్నులూ ఉన్నాయో లేదో అప్పుడే చూడాలి. అవి లేకుండా బిగిస్తే షాఫ్టులు ఒకే గీతలో ఉండక కొత్త సీల్ త్వరగా అరుగుతుంది. స్పానర్‌కు పైపు తొడిగి బిగించే అలవాటు అన్నిటికంటే చెడ్డది. అల్యూమినియంలో థ్రెడ్ పోయాక ఆ బోల్టు ఎంత తిప్పినా బిగియదు.

టార్క్ రెంచితో (బిగింపును కొలిచే స్పానర్‌తో) బిగించిన ప్రతి బోల్టు మీద పెయింట్ పెన్నుతో గీత గీయాలి. గీత తప్పితే వదులైనట్టు కంటికే తెలుస్తుంది. చక్రం నట్లు 100 కి.మీ. లోపు మళ్లీ చూడాలి. జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కిందకు ఎవరూ దూరొద్దు, స్టాండులు పెట్టాలి.

గేర్‌బాక్స్ దించినప్పుడే క్రాంక్ వెనక సీల్, ఇన్‌పుట్ సీల్ మార్చాలా అని యజమానిని అడగడం మెకానిక్ బాధ్యత. సీళ్ల ధర రెండోసారి దించే కూలీతో పోలిస్తే చాలా తక్కువ. ఏ సీళ్లు మార్చారో, ఎంత ఆయిల్ పోశారో, 500 కి.మీ. తర్వాత ఒకసారి చూపించాలని బిల్లు మీద రాయాలని రెండు జిల్లాల షెడ్ల యజమానులను కోరుతున్నాం. ఐటీఐల్లో మోటారు మెకానిక్ పిల్లలకు ఒక పాత ఇంజిన్ మీదైనా సీల్ కూర్చోబెట్టడం, టార్క్ రెంచి పట్టడం వాళ్ల చేతులతోనే చేయించాలి.

ఇట్లు,
కార్ల క్లచ్, గేర్‌బాక్స్ పనివాళ్లం,
విజయనగరం