అది కఠోర సాధన కాదండీ

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఓ ఖోఖో కోచ్ గారిని ‘క్రమశిక్షణకు మారుపేరు’ అంటూ ఫొటోతో సహా ఆకాశానికెత్తారు. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లూ ఆగాను. మా మనవరాలు ఆ జట్టులోనే ఉంది. ఆ ఫైనల్‌ని కాలవగట్టు మీద కూర్చుని మొదటి నుంచీ చూసినవాణ్ణి.

ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయారు. చివరి నిమిషంలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ‘ఖో’ వినపడకముందే కంగారులో లేచిపోయింది. ఫౌల్ ఊదారు, రన్నర్ తప్పించుకుంది, టైమ్ అయిపోయింది. మాస్టారు పిల్లలందర్నీ వరుసగా నిలబెట్టి, ఆ పిల్లని వేలెత్తి చూపించి ‘దీనివల్లే’ అన్నారు. వేరే ఊళ్ల వాళ్లంతా చూస్తుండగా. ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో పది రౌండ్లు. మీ ఫొటో అదే. కింద ‘ఓటమి తర్వాతా కఠోర సాధన’ అని రాశారు. భలే!

ఆ పిల్ల ఇప్పుడు గ్రౌండు వైపే రావడం లేదు. మా మనవరాలైతే వీపు మీద చెయ్యి పడ్డాక కూడా ఓ క్షణం ఆగి లేస్తోంది. ఖోఖోలో ఆ క్షణం పోతే ఇంకేం మిగులుతుంది?

సెమీస్‌లో మావాళ్ల చేతిలో ఓడిన జట్టు టీచరమ్మ ఏం చేశారో మీ ఫొటోగ్రాఫర్ చూడలేదు. పిల్లల్ని మామిడి చెట్టు కింద కూర్చోబెట్టి మరమరాలు పంచారు. ఒక్కొక్కరి చేతా ముందు తాము బాగా చేసిందేమిటో చెప్పించారు. తర్వాత పుల్లతో నేల మీద గీతలు గీసి, ‘పోల్ దగ్గర తిరిగేటప్పుడు ఎక్కడ జారామర్రా?’ అని అడిగారు. పావుగంటలో పిల్లలే చెప్పేశారు. ఫైనల్లో మావాళ్ల కోసం చప్పట్లు కొట్టింది కూడా వాళ్లే. వచ్చే ఏడాది మమ్మల్ని ఓడించేది ఆ జట్టే, రాసిపెట్టుకోండి.

ఈ సంగతి కోనసీమ వాళ్లకి ఒకరు చెప్పాలా? 2024 పారిస్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ డబుల్స్ క్వార్టర్స్‌లో మన అమలాపురం సాత్విక్, అతని జోడీ చిరాగ్ మొదటి గేమ్ 21-13తో గెలిచి కూడా మలేసియా జోడీ చేతిలో ఓడిపోయారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ నాన్నగారు పోయారు. ఆయనా వ్యాయామ ఉపాధ్యాయులే. ఆ ఆగస్టులో, అదే పారిస్‌లో, ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో అదే జోడీని వరుస గేముల్లో కొట్టి కాంస్యం తెచ్చారు. అప్పటికి వాళ్ల దగ్గరికి తిరిగొచ్చిన కోచ్ టాన్ కిమ్ హెర్. ఇద్దరూ వెనక నుంచి స్మాష్ కొట్టేవాళ్లే అయినా మొదట్లో జత కలిపింది ఆయనే. ఓడినవాళ్లని ఎండలో పరిగెత్తిస్తే వచ్చిన పతకం కాదది.

మాస్టారినొక్కరినే అనడం అన్యాయమనుకోండి. ఆటల పీరియడ్ లెక్కల సారు పట్టుకుపోతారు. డ్రిల్లు మాస్టారు ఫోన్లో ఫొటోలు ఎక్కించుకుంటూ కూర్చోవాలి. గ్రౌండు చూద్దామంటే వానాకాలమంతా చెరువు, కోతలప్పుడు ధాన్యం ఆరబోత (రైతుని ఏమనగలం, కల్లం ఎక్కడుంది?), మిగతా రోజుల్లో సభలు. షామియానా గుంజలు పీక్కుపోతారు, గుంతలు మాత్రం మా పిల్లల కాళ్లకి వదిలేస్తారు. అధికారులకి మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ తేదీ ముద్ర వేసి ఇచ్చారు. ముద్ర చక్కగా పడింది. కప్పు గెలిస్తే మాత్రం దండలేసుకుని ఫొటోలో ముందు వరుసలో నిలబడేది వీళ్లే!

మాస్టారు ఒక్కసారి ఆ పిల్ల ఇంటికెళ్లి ‘రేపు ప్రాక్టీసుకి రామ్మా’ అంటే చాలు. ఆ ఫొటో వెయ్యండి, పది కాపీలు నేనే కొంటాను.

— ఒక ఖోఖో పిల్ల తాతయ్య,
అంబాజీపేట మండలం