పీలేరు అన్నకు కృతజ్ఞతలు

అన్నా, పేరు రాయొద్దన్నావు, రాయడం లేదు. తిరుపతిలో మా నాన్నకు ఊపిరితిత్తి ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాతే కష్టం. ఊపిరితిత్తి నుంచి గాలి లీకు ఆగలేదని, ఆ గాలి బయటికి పోవడానికి ఛాతీలో పెట్టిన గొట్టం అలాగే ఉంచేశారు. దాని రెండో కొస నీళ్ల సీసాలో ఉంటుంది. దగ్గినప్పుడల్లా సీసా నీళ్లలో బుడగలు, మాకు ఒకటే టెన్షన్. ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడు ఎవరో తొందరలో ఆ సీసాను పరుపు మీదికి ఎత్తబోతే, పక్క మంచంలో మీ అమ్మకు గంజి తాపిస్తున్న నువ్వు గిన్నె పక్కన పెట్టి వచ్చావు. "ఛాతీ కంటే పైకెత్తొద్దు సామీ, నీళ్లు లోపలికి పోతాయి" అని కిందికే పట్టుకుని వెంట నడిచావు. దగ్గాలంటే భయపడే నాన్నకు దిండు ఛాతీకి అదిమిపట్టుకోవడం నేర్పావు. ఊపిరితిత్తుల వ్యాయామానికిచ్చిన మూడు బంతుల పరికరం ఊదేది కాదు, పీల్చేదని చెప్పిందీ నువ్వే. నాన్న ఇప్పుడు గోవిందరాజస్వామి గుడి దాకా నడుస్తున్నారు. అమ్మకెలా ఉందో ఒక్క ఫోన్ చెయ్యన్నా.