సూది పడ్డాక అడిగితే ఏం లాభం?

సంపాదకుడు గారికి,

ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎక్కడ చేరిందో చూపే పెట్‌నీ, అయస్కాంతంతో బొమ్మ తీసే ఎంఆర్ఐనీ కలిపి చేసేది పెట్-ఎంఆర్ఐ. దాని గురించి కొన్ని ఆసుపత్రుల ప్రచారంలో ‘రేడియేషన్ లేని స్కాన్’ అన్న మాట వినబడుతోంది. ఆ మాట తప్పు. పెట్‌ని సీటీతో కలిపి చేసే పెట్-సీటీలో పడే ఎక్స్‌రేలు ఇందులో తప్పుతాయి, అంతవరకే నిజం. నరంలోకి ఎక్కించే ఎఫ్‌డీజీ అంటే ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించిన, గ్లూకోజు లాంటి మందు. అది 5 మిల్లీక్యూరీలు ఇస్తే పెద్దవాళ్ల ఒంటికి సుమారు 3.5 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది. భయపడాల్సినంత కాదు గానీ, అసలు లేదనడానికి వీల్లేదు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఈ సంగతి ముందే చెప్పి తీరాలి.

అసలు చిక్కు ఈ మందు మనకోసం ఆగకపోవడంతో వస్తుంది. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది. సైక్లోట్రాన్ (ఫ్లోరిన్-18ని తయారుచేసే యంత్రం) నుంచి వచ్చిన సీసాలో ఆ పూట పేషెంట్లందరి వాటా లెక్కగట్టి ఉంటుంది. అరగంట ఆలస్యమైతే 17 శాతం పోయినట్టే. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి వాడే గాలియం-68 అయితే 68 నిమిషాలకే సగం. ఇలాంటి మందు ఎక్కించి, గంటసేపు పడుకోబెట్టి, తీరా అయస్కాంతం గది గుమ్మం దగ్గర ‘ఒంట్లో ఇంప్లాంట్ ఏమైనా ఉందా’ అని అడిగితే ఏం లాభం? పేస్‌మేకర్ బయటపడితే ఎక్కించింది వెనక్కి తీయలేరు. పక్కనే పెట్-సీటీ ఉంటే అక్కడికి మారుస్తారు. లేకపోతే డోసు, ఉపవాసం, డబ్బు అన్నీ నీళ్లపాలే.

అడగనే అడగరని కాదు. ఫారం ఉంటుంది. చాలాచోట్ల అది ఇంగ్లిష్‌లో ఉంటుంది, పేషెంటు కొడుకో అల్లుడో టిక్కులు పెట్టి సంతకం చేస్తాడు. ‘ఇంప్లాంట్’ అంటే లేదనే పెద్దాయన, ‘కాల్లో రాడ్డు వేశారా’ అంటే వెంటనే అవునంటాడు. అందుకే ప్రశ్నలు ఇలా ఉండాలి: గుండెకి మిషను పెట్టారా? చెవి లోపల మిషను ఉందా? తలకి ఆపరేషన్ చేసి క్లిప్పు వేశారా? వెల్డింగు, లేతు పని చేసేవాళ్లయితే కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా? రాడ్లు, కృత్రిమ కీళ్లు, స్టెంట్లు చాలావరకు స్కాన్‌కి అడ్డం కావు, కానీ ఏది వేశారో తెలిపే కాగితం కావాలి. ఇక ఆడవాళ్ల పుస్తెలతాడుకీ గాజులకీ వేలాడే పిన్నీసులు, మొలతాడుకి కట్టిన తాయెత్తు ఏ ఫారంలోనూ ఉండవు. అవి బట్టలు మార్చే గదిలోనే, చేత్తో చూసి తీయించాలి.

సూదికీ స్కాన్‌కీ మధ్య గంట కూడా ముఖ్యమే. వక్కపొడి నమిలితే దవడ కండరాలు, ఫోనులో మాట్లాడితే స్వరపేటిక కండరాలు ఆ మందును లాక్కుని బొమ్మలో గడ్డల్లాగే వెలిగిపోతాయి. ఏసీ గదిలో వణికితే మెడ దగ్గర, చలికి వేడి పుట్టించే గోధుమ రంగు కొవ్వు వెలుగుతుంది. ఒక దుప్పటి ఇస్తే తీరిపోయే సమస్య ఇది. షుగర్ 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. అది దించాలని అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసి వెంటనే ఎఫ్‌డీజీ ఎక్కిస్తే, మందంతా కండలకే పోయి గడ్డ వెలవెలబోతుంది. మూర్ఛ పేషెంటుకి ఈ గంటలో ఫిట్స్ వస్తే బొమ్మ తలకిందులవుతుంది. మెదడులో ఫిట్స్ పుట్టే చోటు మామూలుగా మసకగా కనబడాలి, అప్పుడది మండుతున్నట్టు కనబడుతుంది. అందుకే ఆ వేళలో మెదడు విద్యుత్ సంకేతాలు చూపే ఈఈజీ పెట్టి కనిపెట్టుకుని ఉండాలి.

రిపోర్టు రాసేవాళ్లకి తెలిసినా పేషెంటుకి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పెట్ కిరణాలు ఒంట్లో ఎంత ఆగిపోయాయో లెక్కగట్టి సరిదిద్దాలి. పెట్-సీటీలో ఆ లెక్క సీటీ నుంచి వస్తుంది. మామూలు ఎంఆర్ఐకి ఎముకలోని గట్టి భాగం దాదాపు కనబడదు. మామూలుగా కొవ్వునీ నీటినీ విడదీసి చూపే డిక్సన్ అనే ఎంఆర్ఐ పద్ధతితో ఒంటిని గాలి, ఊపిరితిత్తి, కొవ్వు, మెత్తటి కణజాలం అని నాలుగుగా విడగొట్టి అంచనా కడతారు. తుంటి కీలు మార్చిన చోట లోహం చుట్టూ నల్లటి గుంత పడుతుంది. కంప్యూటర్ దాన్ని గాలి అనుకుంటే, పక్కనున్న గడ్డ ఎంత మందు లాక్కుందో చెప్పే విలువ తగ్గిపోతుంది. కాబట్టి సరిదిద్దని బొమ్మను కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలకైతే సీటీయే మేలు.

పనికొచ్చే చోట మాత్రం ఈ స్కాన్‌కి సాటి లేదు. మెదడు కణితి మళ్లీ వచ్చిందా, రేడియేషన్ చికిత్సతో కణజాలం చచ్చిందా అని తేల్చడానికి, కటి భాగం క్యాన్సర్లకి, లివర్‌కి పాకిందేమో చూడటానికి, పదేపదే స్కాన్లు తప్పని పిల్లలకి ఇది మంచిది. కానీ పెట్-సీటీ 20 నిమిషాల్లో అయ్యేచోట ఇది గంట దాకా పడుతుంది, అదీ 60 సెంటీమీటర్ల సొరంగంలో. ఇరుకంటే భయమున్నవాళ్లు మధ్యలో లేచిపోతే పోయేది మళ్లీ ఆ మందే.

అడిగేది పెద్దదేమీ కాదు. అపాయింట్‌మెంట్ ఇచ్చిన రోజే పై ప్రశ్నలు తెలుగులో అచ్చేసి ఇవ్వాలి. ముందురోజు సాయంత్రం టెక్నాలజిస్టు ఫోన్ చేసి, ఒక్కొక్కటీ చదివి, జవాబు రాసుకోవాలి. ఎంఆర్ఐ బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే గాడోలినియం మందు ఇవ్వాల్సి వస్తే కిడ్నీ పరీక్ష రిపోర్టు కూడా అప్పుడే అడగాలి. రాసి ఇచ్చిన డాక్టరు పెట్-సీటీ కాకుండా ఇదే ఎందుకో చీటీలో ఒక్క వాక్యం రాయాలి. ఆ కాగితాలన్నీ చేతికొచ్చాకే సీసా మూత తీయాలి.

— ఒక న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు, హైదరాబాద్